బండి రాదు

పోర్ట్ బ్లెయిర్ మిన్నీ బేలో మా పక్క వాటావాళ్ళు వానలు మొదలవకముందే కిటికీ ఊచలకు రంగు వేయిస్తున్నారు. సముద్రపు గాలికి ఇనుము ఊరికే తుప్పు పట్టేస్తుంది కాబట్టి ఏడాదికోసారి ఈ తతంగం ఇక్కడ ఎవరికీ తప్పదు. పొద్దున ఉప్మాకు తాలింపు వేస్తుంటే ఎనామెల్ పెయింటు వాసన గుప్పున లోపలికి వచ్చింది. స్టవ్ కట్టేసి పీట మీద కూలబడ్డాను. మా ఆయన వచ్చి, ఏమైంది, బీపీ ఏమైనా పడిపోయిందా అని అడిగాడు. కాదు, దానియేలు తాత గుర్తొచ్చాడు అన్నాను. ఆయనెవరో మా ఆయనకు తెలియదు, మా పెళ్ళికి ముందే పోయాడు. నాకే ఇప్పటికీ పూర్తిగా అంతుపట్టని మనిషి గురించి నిలబడిన చోట రెండు ముక్కల్లో ఏం చెప్పను? తర్వాత చెబుతానులే అని పంపించి, ఇదిగో, కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

మాది ఇదే దీవిలో తుష్నాబాద్‌కూ చౌల్దారీకీ మధ్య ఒక చిన్న పేట. ముప్పై నలభై గడపలు, అన్నీ తెలుగువాళ్ళవే. ముత్తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఉండిపోయిన కుటుంబాలు. సగం మంది గుడికి వెళ్తారు, సగం మంది చర్చికి వెళ్తారు, పోట్లాడుకునేటప్పుడు మాత్రం అందరూ కలిసి హిందీలోకి దిగుతారు. దానియేలు తాత మా ఇంటికి రెండిళ్ళ అవతల ఒక్కడే ఉండేవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. దీవుల మధ్య తిరిగే ఓడల్లో, ఇంజిన్ రూములో, నలభై ఏళ్ళు పని చేసి రిటైరయ్యాడు. ఆ ఇంజిన్లు ఆయన చెవులు తినేశాయి. కుడి చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే నాలుగు మాటల్లో మూడు వినబడేవి. ఎడమ చెవి కళ్ళజోడు తగిలించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదని ఆయనే నవ్వేవాడు. చర్చిలో వాక్యం పైకి చదివే పని ఆయనదే, ఎందుకంటే మా పేట మొత్తం మీద తడుముకోకుండా తెలుగు చదవగలిగినవాళ్ళు నలుగురైదుగురికి మించి లేరు. మా తరం వాళ్ళం తెలుగు మాట్లాడతాం, తెలుగులో తిడతాం, తెలుగు అక్షరం కనబడితే మాత్రం మొహం తిప్పుకుంటాం.

పాతికేళ్ళ వయసులో నేను పంచాయతీ ఆఫీసులో రోజు కూలీ మీద క్లర్కు పనికి చేరాను. చేరిన వారానికే ఒక ముసలామె తెలుగులో రాయించిన అర్జీ తెచ్చి చేతిలో పెట్టింది. నేను అది తలకిందులుగా పట్టుకున్నానని ఆమె చెబితే గానీ తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రమే వెళ్ళి తాత చెవిలో అరిచాను, నాకు చదవడం నేర్పమని. అప్పటినుంచి ఏడాదిన్నర పాటు రోజూ గంటసేపు ఆయన అరుగు మీదే నా బడి. ఆయన పద్ధతి ఒక్కటే. ఆయన ఏ మాట చెప్పినా, రాసేముందు ఆ మాట నేను తిరిగి పైకి అనాలి. ఎందుకు తాతా ఈ గోల అని ఒకసారి విసుక్కున్నాను.

"ఇంజిన్ రూములో పైనించి ఎనక్కి అంటారు. ఆ మోతలో నీకు ముందుకి అని ఇనబడ్డాది. అప్పుడేటవుద్ది?" అన్నాడు.

"ఏమవుతుంది?"

"జెట్టీ ఇరిగిపోద్ది. అందుకే ఇన్న మాట ముందు తిరిగి సెప్పాల. తరవాతే సెయ్యి ఆడించాల."

ఆ అలవాటు ఆయనలో ఎంత పాతుకుపోయిందంటే, ఆయన నోటి నుంచి ప్రతి మాటా రెండుసార్లు వచ్చేది, పైవాడు చెప్పినట్టు ఒకసారి, కిందివాడు ఒప్పుకున్నట్టు ఒకసారి. టీ, టీ. పంచదార, పంచదార. పేటలో పిల్లలందరూ ఆయన్ని అనుకరించేవాళ్ళు, నేనూ అనుకరించేదాన్ని. ఇప్పుడు అది తలుచుకుంటే నవ్వు రాదు.

మా పేట వెనక వక్కతోటలు దాటి, అడవి అంచున ఒక దారి ఉంది. దాన్ని హాతీ రాస్తా అంటారు. ఒకప్పుడు అడవిలో కొట్టిన దుంగలను ఏనుగులు ఆ దారినే ఈడ్చుకుని వచ్చేవట. ఏనుగులు వెళ్ళిపోయాక అది మనుషుల దారి అయింది. తలమీద గంపలతో మార్కెట్‌కు పోయే ఆడవాళ్ళు, బడిపిల్లలు, మేకలు, ఆదివారం చర్చికి పోయేవాళ్ళు, అందరూ అటే. మెయిన్ రోడ్డు చుట్టూ తిరిగి వస్తుంది కాబట్టి పోర్ట్ బ్లెయిర్ ఉద్యోగాలకు పోయే కుర్రాళ్ళు మెల్లగా మోటారుసైకిళ్ళు ఆ దారిలోకి దింపారు. ఇరవై నిమిషాలు కలిసొస్తుందని ఒకడు, వాడు వెళ్తే నేనెందుకు ఆగాలని ఇంకొకడు. ఆ దారిలో ఇంజిను బండి నడపకూడదని అడవి శాఖ నియమం ఉంది, కానీ అది ఎవరికి గుర్తు? ఒక వానాకాలం గడిచేసరికి దారి మధ్యన చీలమండ లోతున చక్రాల గాళ్ళు పడ్డాయి. గంపలవాళ్ళు జారిపడుతున్నారు. చెవులు వినబడని తాత అయితే దారి పక్కనే ముళ్ళకంపకు ఒరుసుకుంటూ, పదడుగులకోసారి వెనక్కి తిరిగి చూసుకుంటూ నడిచేవాడు. ఆయన మెడ అలా తిరగడం చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

మా పంచాయతీ పెద్ద, ప్రధాన్, మంచివాడే, కాకపోతే ఎవరినీ నొప్పించడు. దారికి అడ్డంగా ఒక వక్కచెట్టు మాను వేయించాడు. మర్నాటికి కుర్రాళ్ళు దానికి రెండువైపులా మట్టి పోసి ఎక్కి దిగడం మొదలుపెట్టారు. ఆ ఎగిరే సరదా కోసం అదివరకు రానివాళ్ళు కూడా వచ్చారు. తర్వాత కందకం తవ్వించాడు. మూడోరోజు అందులో ప్రధాన్ గారి ఆవే పడింది. ఇక కందకం ఊసెత్తినవాడు లేడు. చివరికి రెండు కొసలా బోర్డులు పెడదామన్నారు. రోడ్డు వైపు కొసన అడవి శాఖవాళ్ళు హిందీ బోర్డు పెడతామన్నారు, అది ఇవాళ రేపు అంటూ రానేలేదు. మా పేట కొసన తెలుగు బోర్డు రాసే పని నాకు పడింది. తెలుగు చదవడం నేర్చుకుందట కదా, రాయనీ అన్నాడు ప్రధాన్. నా సంతోషానికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. పదిమంది చూసేలా నేను రాయబోయే మొదటి తెలుగు ముక్క అది.

ఏం రాయాలో చెప్పమని తాతను అడిగాను. రేకు మీద తెల్లరంగు ఆరింది. నా చేతిలో బ్రష్షు, పక్కన నల్లరంగు డబ్బా. ఆయన కళ్ళు మూసుకుని చర్చిలో చదివే గొంతుతో చెప్పాడు. ఇది, ఇది. నడిచే దారి, నడిచే దారి. బండి, బండి. రారాదు, రారాదు. అలాంటి మాట నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు. మా పేటలో ఎవరూ అలా మాట్లాడరు. అన్ని మాటలూ రెండేసిసార్లు అనే మనిషి కదా, ఈసారి నాలుక మడతపడి ముందు అక్షరం కూడా రెండుసార్లు వచ్చింది కాబోలు అనుకున్నాను. పైగా నా బుర్ర ఆలోచించేది హిందీలో. ఇధర్ గాడీ నహీ ఆయేగా అంటే మా దీవుల్లో అది సమాచారం కాదు, ఆజ్ఞ. తీసుకురావద్దు అని అర్థం. దాన్నే తెలుగులో పెడితే బండి రాదు అవుతుంది, సరిపోయింది అనుకున్నాను. తిరిగి పైకి చెప్పాల్సింది. ఆయన నేర్పిందే అది. బ్రష్షుకున్న రంగు ఆరిపోతోందని తొందర, ఆయన చెవిలో అరవాలంటే బద్ధకం. ఒక రా తీసేసి రాసేశాను.

బోర్డు పాతిన రోజు సాయంత్రం తాత కర్ర పట్టుకుని చూడటానికి వచ్చాడు. చాలాసేపు నిలబడ్డాడు. ఇది నడిచే దారి, బండి రాదు, అని పైకి చదివాడు, ఒక్కసారే. ఆయన ఏ మాటైనా ఒక్కసారే అనగా నేను విన్నది అదే. నా వైపు చూసి, అక్షరాలు గుండ్రంగా తిరిగాయే గుంటా, అన్నాడు. నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాను. ఇంటికి వెళ్ళి అమ్మకు మూడుసార్లు చెప్పాను.

మర్నాటినుంచి తాత దారి మధ్యలో నడవడం మొదలుపెట్టాడు. గాళ్ళ నడుమ ఎత్తుగా మిగిలిన మట్టి మీద, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడకుండా. నా బోర్డు పనిచేసిందని నేను మురిసిపోయాను. నిజానికి ఆ వారం వానలు జోరుగా పడి బండ్లు వాటంతట అవే తగ్గాయి. వాన తెరిపివ్వగానే మళ్ళీ మొదలు. వాటిలో మా అన్నయ్య సూరి బండి కూడా ఒకటి. మా ఇంట్లో వాణ్ణి భయ్యా అనే పిలుస్తాం. పోర్ట్ బ్లెయిర్‌లో బస్సు డ్రైవరు, ఇంకా పర్మనెంటు కాలేదు. బోర్డు చూడలేదా భయ్యా అంటే, చూశాను, ఏముంది అందులో అన్నాడు. వాడికి ఒక్క తెలుగు అక్షరం రాదు. మోటారుసైకిళ్ళు నడిపేవాళ్ళలో ఒక్కడికీ రాదు. నేను ఎవరి కోసం రాశానో వాళ్ళెవరూ చదవలేరన్న సంగతి నాకు అప్పుడు తట్టింది, అయినా ఎవరికీ చెప్పలేదు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆఫీసుకు ఆలస్యమైన రెండు రోజులు నేనే ఆ దారిలో భయ్యా బండి వెనక కూర్చుని వెళ్ళాను. బోర్డు దాటేటప్పుడు మొహం పక్కకు తిప్పుకున్నాను.

ఆ తర్వాత పది రోజులకు జరిగింది. పొద్దున ఏడింటికి సన్నగా తుంపర. వెదురు పొదల మలుపు దగ్గర భయ్యా హారన్ కొట్టాడట. ముందు నడుస్తున్న తాత తిరగలేదు, పక్కకు జరగలేదు. బ్రేకు వేస్తే బురదలో చక్రం జారింది. హ్యాండిలు తగిలి ముసలాయన తొడ ఎముక విరిగింది. పారిపోయే అవకాశం ఉన్నా భయ్యా పారిపోలేదు. తాతను రెండు చేతుల మీద ఎత్తుకుని మెయిన్ రోడ్డు దాకా పరుగెత్తాడు. పెద్దాసుపత్రికి నేను చేరేసరికి వాడి చొక్కా నిండా బురద, మొహంలో నెత్తురు చుక్క లేదు. కేసు పడితే లైసెన్సు పోతుంది, లైసెన్సు పోతే ఉద్యోగం పోతుంది, అదొక్కటే గొణుగుతున్నాడు. నాకు వాణ్ణి చూస్తే జాలి, తాతను చూస్తే భయం, నన్ను నేను చూసుకుంటే ఏమిటో తెలియని ఏవగింపు.

సాయంత్రం హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. తెలుగు రానివాడు. అతనికి తేలాల్సింది ఒకటే విషయం, బండ్లు రావద్దని బోర్డు ఉండగా భయ్యా వెళ్ళాడా, లేక బోర్డే లేదా. ఫోనులో నా బోర్డు ఫొటో ఉంది. రాసింది నువ్వేనట, ఏం రాశావో హిందీలో చెప్పు అన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రావద్దని రాశానంటే అన్నయ్య నోట్లో మట్టి కొట్టినట్టే. రాయలేదంటే మంచం మీద పడి ఉన్న ఈ మనిషికి ఎవరు జవాబు చెబుతారు? తాత మా మొహాలు మార్చి మార్చి చూస్తున్నాడు. ఆయన కుడి చెవి పక్కనే నిలబడి నేను గట్టిగానే చెప్పాను, ఇధర్ గాడీ నహీ ఆయేగా, అని. నిజాయితీతో అన్నానా, ఆ ముక్కకు నాకు వచ్చిన హిందీ అదొక్కటే కాబట్టి అన్నానా, నాకు తెలియదు. కానిస్టేబుల్ తల ఊపి, నిషేధం ఉందన్నమాట అని రాసుకోబోయాడు.

అప్పుడు తాత చెయ్యెత్తి ఆపాడు. ఆ ఫోను ఇలా ఇమ్మని సైగ చేశాడు. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, "లడ్కీ గలత్ బోల్తా హై సాబ్," అన్నాడు. ఈ పిల్ల తప్పు చెబుతోంది. ఇందులో రావద్దని లేదు, ఇక్కడికి బండ్లు రావు అని ఉంది, అంతే. అది చదివే నేను దారి నడుమ నడిచాను అని హిందీలో వివరంగా చెప్పాడు. రావద్దు అనాలంటే తెలుగులో రారాదు అని రాయాలి అని కూడా చెప్పాడు. అప్పుడు, ఆ క్షణంలో, ఆ మాట నా చెవిలో పడింది. రంగు డబ్బా పక్కన కూర్చుని నేను కొట్టేసిన అక్షరం నాకు తెలిసివచ్చింది. కానిస్టేబుల్ మా ముగ్గురినీ పిచ్చివాళ్ళను చూసినట్టు చూశాడు. నిషేధపు బోర్డు లేదని రాసుకున్నాడు. తాత ఫిర్యాదు ఇవ్వనన్నాడు. భయ్యాను ఒకరోజు స్టేషన్లో కూర్చోబెట్టి, గట్టిగా చివాట్లు పెట్టి వదిలేశారు.

ఇంటికి వచ్చాక భయ్యా నాతో అన్న మాట ఒక్కటే, తాత కాపాడాడు, చెల్లివి నువ్వు పట్టించావు అని. ఆ తర్వాత రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ప్రధాన్ నన్ను గట్టిగా ఏమీ అనలేదు, ఆ బోర్డు పీకించి ఆఫీసు వెనక పడేశాడు. అడవి శాఖవాళ్ళు వచ్చి రెండు కొసలా దగ్గరదగ్గరగా ఇనుప గుంజలు పాతారు, సందులోంచి మనిషి దూరతాడు, బండి పట్టదు. మోటారుసైకిళ్ళు నిజంగానే ఆగిపోయాయి. దారి ఆరింది, గాళ్ళు పూడాయి, మళ్ళీ గంపలవాళ్ళు కబుర్లాడుకుంటూ నడుస్తున్నారు. తాత మాత్రం మళ్ళీ తన కాళ్ళతో ఆ దారి తొక్కలేదు. ఎముక సరిగా అతకలేదు. ఆదివారాలు భయ్యా, ఇంకొకతనూ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి చర్చికి మోసేవాళ్ళు. గుడికి తప్ప ఎక్కడికీ వెళ్ళని భయ్యా చర్చి గుమ్మం బయట చెప్పులు విడిచి ఎండలో కూర్చునేవాడు.

నేను మళ్ళీ ఆయన అరుగు ఎక్కడానికి మూడు నెలలు పట్టింది. వెళ్ళినా పాఠం మీద ధ్యాస నిలవలేదు. నోటితో అడిగితే వినబడనట్టు తప్పించుకుంటాడేమోనని, నోటు పుస్తకంలో తెలుగులో రాసి చేతికిచ్చాను. బోర్డు పాతిన రోజే తప్పు చూశావా తాతా, అని.

"సూసినాను," అన్నాడు.

మరి ఎందుకు చెప్పలేదని రాశాను. ఆయన పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చెప్పడు కాబోలు అనుకుని లేవబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నాను సెప్పింది ఆళ్ళకి సెప్పే మాట. నువ్వు రాసింది నాకు సెప్పే మాటలాగుంది. నలభై ఏళ్ళు ఇంజిన్ల పక్కన బతికినోణ్ణి. ఓ దగ్గర బండి రాదు అని రాసుంటే, పోనీ, రాదేమో, అనిపించింది. నమ్మి నడవాలనిపించిందే గుంటా."

ఈ మాటకు నాకు ఏడుపు రావాలి. రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. అది తప్పని నీకు తెలుసు, వీళ్ళు మళ్ళీ వస్తారని తెలుసు, నీకు వినబడదని తెలుసు. నా తప్పు మీద నీ కాలూ మా అన్న బతుకూ కలిపి పందెం కాస్తావా? ఇదంతా ఆయన చెవిలో అరవాలనుకున్నాను, అరవలేదు. పుస్తకం తీసుకుని వచ్చేశాను. తర్వాత కూడా వెళ్ళాను, చదువుకున్నాను, ఆయన నవ్వితే నవ్వాను, కానీ ఆ సంగతి మళ్ళీ ఇద్దరం ఎత్తలేదు. మరుసటి వానాకాలంలో ఆయన నిద్రలోనే పోయాడు.

పోర్ట్ బ్లెయిర్‌లో ఇప్పుడు నేను చేసే ఉద్యోగంలో సగం పని నోటీసులు తెలుగులో రాయడమే. ఆయన నేర్పిన అక్షరాలతోనే అన్నం తింటున్నాను. ఆసుపత్రి మంచం మీద నుంచి నా హిందీని ఆయన దిద్దింది భయ్యాను కాపాడటానికా, తెలుగు మాటను తప్పుగా చెబితే ఊరుకోలేకా, తాను నమ్ముకున్న ఆ వాక్యాన్ని ఎవరూ మార్చకూడదనా, ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసినా నాకు తేలదు. ఒక రోజు దండం పెట్టాలనిపిస్తుంది, ఇంకో రోజు పోట్లాడాలనిపిస్తుంది, రెండింటికీ మనిషి లేడు. నా నోటీసులు రోజూ వందమంది చూసి పోతారు. ఒక్కరూ ఆయన చదివినట్టు చదవరు. నేను రాసిందల్లా అంతగా నమ్మకు తాతా అని ఆ రోజు బోర్డు దగ్గర ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు, ఎందుకంటే ఆయన నా అక్షరాలు బాగున్నాయన్నాడు.